నాన్నగారి ట్రంకు పెట్టెలో దొరికిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి నాణేలు

ప్రశ్న: ఉపాధ్యాయుని కుమార్తె, కోనసీమ

సభ్యులందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలోని ఒక లంక గ్రామం. మా నాన్నగారు ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించారు. పదవీ విరమణ తరువాత కూడా సాయంత్రం అయ్యేసరికి ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చిన పిల్లలందరికీ రూపాయి తీసుకోకుండా పాఠం చెప్పేవారు. సంవత్సరీకాలు పూర్తయిన తరువాత, గోదావరి పొంగినప్పుడు తడవకూడదని ఆయన ఎప్పుడూ అటక మీదనే ఉంచిన ట్రంకు పెట్టెను మొన్న దించి తెరిచాము. పాఠ్య పథకాల పుస్తకాలు, చేతులు మారిన పాత అట్లాసు, విద్యార్థులు రాసిన ఉత్తరాల కట్ట, వీటన్నిటి అడుగున పట్టు కండువాలో చుట్టిన ఒక చిన్న పెట్టె, దాని పక్కన మూతి బిగించిన ఒక గుడ్డ సంచి కనిపించాయి.

పెట్టెలో రెండు నాణేలు ఉన్నాయి. పెద్దది అరచేతిలో సగం ఆక్రమించేంత ఉంది, తెల్లగా మెరుస్తోంది, దాని మీద 125 రూపాయలు అని ఉంది. రెండవది మనందరికీ తెలిసిన రెండు రంగుల పది రూపాయల బిళ్ళ. రెండింటి మీదా డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ముఖచిత్రం, 2015 సంవత్సరం ఉన్నాయి. గుడ్డ సంచిలో అదే బొమ్మ ఉన్న పది రూపాయల బిళ్ళలు 23 దొరికాయి. ఇన్ని బిళ్ళలను నాన్నగారు ఎందుకు దాచారో మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. నూట ఇరవై ఐదు రూపాయల నాణెం అనేది ఎక్కడా ఉండదని, ఎవరో బొమ్మ బిళ్ళను అంటగట్టి ఉంటారని మా పొరుగింటి పెద్దాయన గట్టిగా చెబుతున్నారు. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టారు కాబట్టి 125 ఏళ్లు 2013కే నిండాలి, నాణెం మీద 2015 ఎందుకుంటుందని కూడా ఆయన అడుగుతున్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడు ఫోనులో ఏదో వీడియో చూసి, ఇటువంటి వాటికి లక్షలు వస్తాయని, ముందుగా కొంత రుసుము కడితే కొనేవాళ్లు ఇంటికే వస్తారని అంటున్నాడు. మా మేనత్త మాత్రం పెద్ద నాణేనికి చెవి అతికించి గొలుసులో వేసుకుంటానని, అన్నయ్య గుర్తుగా కాసులపేరు పక్కన మెడలో ఉంటుందని కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆవిడ మాటను కాదనడం నాకు చాలా కష్టంగా ఉంది.

నాకున్న కోరిక వేరు. సెప్టెంబరు 5న నాన్నగారు చివరగా పనిచేసిన ఉన్నత పాఠశాలలో ఈ నాణేలను పిల్లలకు చూపించి, పక్కన ఒక చిన్న వివరణ పత్రం పెట్టాలని ఉంది. అందులో ఒక్క తప్పు కూడా ఉండకూడదు, ఎందుకంటే తేదీల విషయంలో నాన్నగారు మమ్మల్ని ఎన్నడూ క్షమించలేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి: ఈ నాణేలు నిజమైనవేనా, వీటిని ఎలా కాపాడుకోవాలి, పత్రంలో ఏం రాయాలి?

జవాబు: నాణేల సేకర్త, రాజమహేంద్రవరం

అమ్మా, ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. 125 రూపాయల నాణెం ఉంది. ఉపాధ్యాయ దినోత్సవానికి ముందు రోజు, 2015 సెప్టెంబరు 4న, న్యూఢిల్లీలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు దానిని విడుదల చేశారు. రాధాకృష్ణన్ గారి 125వ జయంతి సందర్భంగా రెండు నాణేలు వచ్చాయి. 125 రూపాయలది దాచుకోవడానికి మాత్రమే ముద్రించినది, పది రూపాయలది సంతలోనూ బస్సులోనూ చెలామణి కావడానికి ముద్రించినది. మీ నాన్నగారి పెట్టెలో రెండూ కలిసి ఉన్నాయంటే, అది నాణేలు ముద్రించే టంకశాల వారు జతగా అమ్మిన పెట్టె అయి ఉంటుంది.

ముఖవిలువ 125 కావడం వింతగా అనిపించవచ్చు గాని, మన ప్రభుత్వం ముఖ్యమైన వార్షికోత్సవాలకు ఆ ఏళ్ల సంఖ్యనే ముఖవిలువగా పెట్టడం కొన్నేళ్లుగా ఉన్న పద్ధతే. రవీంద్రనాథ్ ఠాగూర్ 150వ జయంతికి 150 రూపాయల నాణెం వచ్చింది. రిజర్వు బ్యాంకు స్థాపించి 75 ఏళ్లయినప్పుడు 75 రూపాయలది వచ్చింది. నెహ్రూ గారికీ, అంబేద్కర్ గారికీ కూడా 125 రూపాయల నాణేలు ఉన్నాయి. ఇక సంవత్సరం సంగతి. నాణెం మీద ఉండేది ముద్రించిన సంవత్సరమే గాని జయంతి నిండిన సంవత్సరం కాదు. లెక్క ప్రకారం 125 ఏళ్లు 2013 సెప్టెంబరు 5కు నిండిన మాట నిజమే, నాణెం మాత్రం 2015లో వచ్చింది. కాబట్టి మీ పొరుగింటి పెద్దాయన చేసిన లెక్క తప్పు కాదు, దాని నుండి తీసిన నిర్ణయమే తప్పు. పైగా ఖర్చు పెట్టడానికి దొంగ నాణెం చేసేవాడెవడూ మార్కెట్లో ఎవరూ తీసుకోని ముఖవిలువతో చేయడు.

అయినా సరిచూసుకోవడం మంచిది, అందుకు పెద్ద శ్రమ కూడా అవసరం లేదు. ఈ నాణెం అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, అంచు చుట్టూ 200 గాట్లు ఉంటాయి. తులం అంటే 11.66 గ్రాములనే పాత లెక్క తెలిసిన కంసాలి ఎవరినైనా అడిగితే, త్రాసులో వేసి మూడు తులాలని చెబుతాడు. లోహంలో సగం వెండి, నలభై శాతం రాగి, నికెల్ అయిదు, జింకు అయిదు శాతం. అంటే అందులో వెండి 17.5 గ్రాములు ఉంటుంది. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కోకూడదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు విడుదల చేసిన ఎన్టీఆర్ గారి వంద రూపాయల నాణెం మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే పక్కన పెట్టి చూడండి. అదీ 44 మిల్లీమీటర్లదే, అదే నాలుగు లోహాల మిశ్రమం. చేతికి తగిలే బరువు, మెరుపులోని ఛాయ దాదాపు ఒకేలా ఉంటాయి, ఆ పోలిక నూరు మాటల కంటే ఎక్కువ చెబుతుంది.

పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. బయటి పసుపు వలయంలో రాగి 92, అల్యూమినియం 6, నికెల్ 2 శాతం ఉంటాయి, లోపలి తెల్లటి భాగం రాగి, నికెల్ కలిసినది. సంవత్సరం అంకె కింద భూతద్దం పెట్టి చూడండి. అయిదు మూలల నక్షత్రం గుర్తు ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో ముద్రించినది, డైమండు గుర్తు ఉంటే ముంబైది, గుండ్రని చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. మీ సంచిలోని 23 బిళ్ళలూ ఒకే చోటివా, వేర్వేరు చోట్లవా అనేది తెలుసుకోవాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది. అన్నీ ఒకే గుర్తుతో, వాడకపు గీతలు లేకుండా ఉంటే అవి బ్యాంకు సంచి నుండి ఒకేసారి తెచ్చుకున్నవని అనుకోవచ్చు. గీతలు పడి, రకరకాల గుర్తులతో ఉంటే మీ నాన్నగారు ఏళ్ల తరబడి చిల్లరలో కనిపించిన ప్రతి బిళ్ళనూ ఏరి పక్కన పెట్టారన్నమాట.

మీ మేనత్తగారి బాధ నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ పాత వెండి రూపాయలకు చెవులు అతికించి వేసుకున్న పెద్దవాళ్లు ఉన్నారు. అయినా ఆ పని చేయవద్దని ఆవిడకు నా మాటగా చెప్పండి. 2011 నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం, డబ్బుగా కాక మరో పనికి వాడడం నిషిద్ధం, శిక్ష ఏడేళ్ల జైలు దాకా ఉంది. చట్టాన్ని పక్కన పెట్టినా, టంకం వేసిన వేడికి ఆ చోట రంగు మారిపోతుంది, తరువాత దానిని మళ్లీ మామూలు నాణెంగా ఎవరూ చేయలేరు. అన్నయ్య గుర్తు మెడలో ఉండాలని ఆవిడకు అంతగా ఉంటే, రాధాకృష్ణన్ గారి బొమ్మ కంటే మీ నాన్నగారి ఫొటో ఉన్న లాకెట్టే దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తోంది.

జవాబు: విశ్రాంత క్యాషియర్, భీమవరం

పై సభ్యుడు నాణెం గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను మీ తమ్ముడి కోసం నాలుగు మాటలు రాస్తాను, దయచేసి అతనికి చదివి వినిపించండి.

ముందుగా రుసుము కట్టమని ఎవరు అడిగినా అది మోసమే. రిజిస్ట్రేషన్ అంటారు, కమీషన్ అంటారు, పన్ను అంటారు, ఒక్కసారి కట్టిన తరువాత మరొకటి అడుగుతారు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు పెట్టుకుని ఇటువంటి మోసాలు ఎంతగా పెరిగాయంటే, పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు ఎటువంటి సంబంధమూ లేదని, అందుకు ఎటువంటి రుసుమూ వసూలు చేయదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. నా ఉద్యోగ జీవితం చివరి ఏళ్లలో, అప్పటిదాకా అణా పైసా లెక్క తప్పని ఒక రైతు, ఇలాగే ఎవరి మాటో నమ్మి రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బు పోగొట్టుకుని మా కౌంటరు ముందు నిలబడిపోయాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఇంత గట్టిగా రాయడానికి కారణం అదే. నిజంగా అమ్మదలచుకుంటే నాణేల ప్రదర్శనలు జరిగే చోటికి వెళ్లి, నలుగురు సేకర్తలకు చూపించి, చేతిలో నాణెం చేతిలోనే ఉంచుకుని ధర మాట్లాడుకోవాలి. ఈ నాణెం పదేళ్ల కిందటిది మాత్రమే, టంకశాల స్వయంగా కోరినవారికి అమ్మినది. అటువంటి దానికి లక్షలు ఇచ్చే కొనుగోలుదారుడు ఉండడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. చట్టం ప్రకారం మన నాణేలను ముద్రించి విడుదల చేసేది కేంద్ర ప్రభుత్వం, వాటిని జనంలోకి పంపేది మాత్రమే రిజర్వు బ్యాంకు పని. చాలామంది నోటుకూ నాణేనికీ తేడా లేదనుకుంటారు గాని, మీ వివరణ పత్రంలో రిజర్వు బ్యాంకు ముద్రించిన నాణెం అని రాస్తే అది తప్పవుతుంది. మీ నాన్నగారు ఒప్పుకునేవారు కారని మీ మాటల్ని బట్టి తెలుస్తోంది, అందుకే ముందే చెబుతున్నాను.

నాణేలను పాఠశాలలో పెట్టడం గురించి నాకు కొంత భయం ఉంది. మంచి ఉద్దేశంతో గాజు బీరువాలో పెట్టిన వస్తువులు తాళంచెవి చేతులు మారినకొద్దీ కనబడకుండా పోవడం నేను చూశాను. పెద్ద నాణేన్ని ఆ రోజు చూపించి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోండి. దాని స్థానంలో పెద్దగా తీసిన ఫొటో ఉంచితే చాలునని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారి నుండి మరికొన్ని వివరాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న అమలాపురంలో మాకు తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాను. సరిగ్గా 35 గ్రాములు తూగింది. అయస్కాంతానికి అతుక్కోలేదు. అంచు మీది గాట్లను మా తమ్ముడే దారం గుర్తు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు, రెండవసారి 200 వచ్చాయి. తరువాత వాడు వీడియో మాట మళ్లీ ఎత్తలేదు, క్యాషియర్ గారు రాసిన రైతు సంగతి చదివి చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు.

సంచిలోని బిళ్ళలన్నీ కొత్తగా ఉన్నాయి, ఎక్కడా వాడకపు గీతలు లేవు. వాటిలో ఒకదానిని మా మేనత్త మంచి మనసుతోనే దేవుడి సామానుతో పాటు చింతపండు వేసి, ముగ్గుపిండితో తోమేసింది. వలయం తళతళలాడుతోంది గాని బొమ్మ మీద సన్నని గీతలు పడ్డాయి. పెద్ద నాణెం జోలికి వెళ్లకుండా ఆపగలిగాను. దాని అంచున ఒక పక్క గోధుమ రంగు ఛాయ ఉంది, దానిని తీయవచ్చా?

ఆ తోమిన బిళ్ళను మా ఊరి కిరాణా కొట్టులో ఇచ్చి చూశాను. పది రూపాయల బిళ్ళలు తీసుకోవడం లేదని, అందులోనూ బొమ్మలున్నవి అసలు చెల్లవని కొట్టు యజమాని తిరిగి ఇచ్చేశాడు. మన తెలుగు కుటుంబంలో పుట్టి రాష్ట్రపతి అయిన మనిషి బొమ్మను చెల్లదని బల్ల మీద తోసేస్తే నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

పత్రానికి మా తమ్ముడు ఒక చిత్తు రాశాడు. నెల్లూరు జిల్లా సర్వేపల్లిలో జన్మించిన రాధాకృష్ణన్ గారు భారతదేశ మొదటి రాష్ట్రపతి అని, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అని ఉంది. నాకు అనుమానంగా ఉంది, చూడండి.

జవాబు: నాణేల సేకర్త, రాజమహేంద్రవరం

ఆ గోధుమ ఛాయను ముట్టుకోవద్దు అమ్మా. వెండి, రాగి ఉన్న నాణేనికి గాలి తగిలినకొద్దీ వచ్చే సహజమైన రంగు అది. సేకర్తలు దానిని లోపంగా చూడరు. తోమిన నాణేన్నే లోపంగా చూస్తారు, ఎందుకంటే చింతపండులోని పులుపు లోహం పైపొరను తినేస్తుంది, ముగ్గుపిండి అద్దం వంటి మెరుపును గీతలపాలు చేస్తుంది. ఇత్తడి చెంబుకు పనికొచ్చే వైద్యం నాణేనికి పనికిరాదు. వేళ్లతో నాణెం ముఖం మీద పట్టుకోకుండా అంచులు పట్టుకుని ఎత్తాలి, చేతి చెమట మరకలు ఏడాది తరువాత నల్లగా బయటపడతాయి.

మన డెల్టాలో అసలు శత్రువు తేమ. కోనసీమలో దానికి తోడు సముద్రపు గాలి కూడా ఉంటుంది. నాణేన్ని మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో ఉంచితే ఆ ప్లాస్టిక్ నుండి వచ్చే రసాయనం వల్ల పచ్చని జిగురు చిలుము పడుతుంది. రబ్బరు బ్యాండు చుట్టి ఉంచితే రబ్బరులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. 44 మిల్లీమీటర్ల నాణేనికి సరిపోయే గట్టి పారదర్శకమైన బిళ్ళ పెట్టెలు అమ్ముతారు, ఒకటి కొని అందులో పెట్టి, పక్కన తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంచి, ప్రతి వానాకాలానికీ ముందు ఆ పొట్లాన్ని మార్చండి. మీ నాన్నగారు అటక మీద పట్టు కండువాలో చుట్టి ఇన్నేళ్లు ఇంత శుభ్రంగా ఉంచారంటే ఆయనకు వస్తువు విలువ తెలుసు.

జవాబు: విశ్రాంత క్యాషియర్, భీమవరం

కొట్టు యజమాని చెప్పిన మాట తప్పు. ఒక రూపాయి, అంతకు మించిన ముఖవిలువ గల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం దాకా చట్టబద్ధంగా చెల్లుతాయి. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ప్రకటనలో అప్పటికి పది రూపాయల బిళ్ళలు 14 నమూనాల్లో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని స్పష్టంగా ఉంది. సందేహం ఉన్నవారు 14440 నంబరుకు ఫోను చేసి వినే ఏర్పాటు కూడా అప్పుడు చేశారు. పది గీతలున్నవి మంచివి, పదిహేను గీతలున్నవి దొంగవి అనే పుకారు మన రెండు గోదావరి జిల్లాల్లో ఎంత తిరిగిందో నేను కౌంటరులో కూర్చుని రోజూ విన్నాను. 2011లో రూపాయి గుర్తు వచ్చిన తరువాత నమూనా మారింది, అంతకు ముందువీ తరువాతవీ కలిసి తిరుగుతున్నాయి, అందులో మోసమేమీ లేదు. కొట్టు యజమానితో తగవు పడకండి. ఆయన దగ్గర పోగుపడిన బిళ్ళలను పక్క టోకు వ్యాపారి తీసుకోకపోవడం వల్లనే ఆయన కూడా భయపడుతున్నాడు. మీ బ్యాంకు శాఖలో ఈ బిళ్ళలు జమ చేసుకుంటారని ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

జవాబు: తత్వశాస్త్రం మాస్టారు, కాకినాడ

నేను ముప్పై ఏళ్లు కళాశాలలో తత్వశాస్త్రం చెప్పినవాడిని. మీ తమ్ముడి చిత్తు చదివాను. అబ్బాయి శ్రద్ధగా రాశాడు గాని, మూడు చోట్ల దిద్దాలి.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. సర్వేపల్లి ఆయన పూర్వీకుల గ్రామం, ఇంటిపేరు దాని నుండి వచ్చింది. తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రెండవది, ఆయన మొదటి ఉపరాష్ట్రపతి, రెండవ రాష్ట్రపతి. 1952 నుండి పదేళ్లు ఉపరాష్ట్రపతిగా, 1962 మే 13 నుండి 1967 మే 13 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. మూడవది, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన తరువాత 1931 నుండి 1936 వరకు రాధాకృష్ణన్ గారు, మళ్లీ ఆయన తరువాత కట్టమంచి వారు. రాధాకృష్ణన్ గారి కాలంలో హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులు వాల్తేరుకు వచ్చి పాఠం చెప్పారు. కొత్త విశ్వవిద్యాలయానికి దూర ప్రాంతాల నుండి అధ్యాపకులను వెతికి తెచ్చిన ఆ చూపు ఆయన పదవులన్నిటి కంటే గొప్పదని నేను భావిస్తాను.

మీ పత్రంలో తప్పనిసరిగా ఉండవలసిన మాట ఒకటి మీ తమ్ముడు వదిలేశాడు. ఆయన మన గోదావరి ఒడ్డున పాఠం చెప్పారు. 1918లో మైసూరు విశ్వవిద్యాలయానికి వెళ్లే ముందు కొంతకాలం రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకులుగా ఉన్నారు. డెల్టా పిల్లలకు ఢిల్లీ దూరం గాని రాజమండ్రి దూరం కాదు. మీ పాఠశాల పిల్లల ముత్తాతల కాలపువారు ఎవరో ఒకరు ఆ తరగతి గదిలో కూర్చుని ఉంటారు. పత్రం మొదటి వాక్యం అదే కావాలని నేను కోరుకుంటున్నాను.

పిల్లలకు ఆయన తత్వవేత్త అని చెబితే వారికి ఏమీ అందదు, తత్వవేత్త ఏం చేస్తాడో చెప్పాలి. దీనికి ఆయన విద్యార్థి జీవితమే చాలు. డబ్బు పెట్టి పుస్తకాలు కొనే స్థితి ఆ ఇంట్లో లేదు. బంధువుల అబ్బాయి ఒకడు పట్టా పూర్తి చేసి తన తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఇవ్వడంతో ఆయన ఆ శాస్త్రం తీసుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుతున్నప్పుడు, వేదాంతంలో లోకం మిథ్య గనుక అందులో నీతికి చోటు లేదనే విమర్శ ఆయన చెవిన పడింది. ఇరవై ఏళ్ల వయసులో, 1908లో, ఎమ్మే పట్టా కోసం వేదాంతంలోని నీతి గురించే సిద్ధాంత వ్యాసం రాసి దానికి జవాబిచ్చారు. ఆ ప్రశ్నను ఆయన తరువాత కూడా వదలలేదు. మాయ అంటే లోకం లేదని అర్థం కాదని, లోకానికి ఉన్న సత్యం బ్రహ్మం మీద ఆధారపడినదని, అందువల్ల ఇక్కడ మనిషి చేసే మంచికీ చెడుకీ విలువ ఉందని ఆయన జీవితమంతా వివరిస్తూ వచ్చారు. ఎవరో తన ఇంటి నమ్మకాన్ని విమర్శిస్తే కోపగించుకోకుండా, వెళ్లి చదివి, ఆలోచించి, అవతలివాడి భాషలోనే జవాబు రాయడం తత్వవేత్త పని అని పదో తరగతి పిల్లవాడికి చెబితే అర్థమవుతుంది. ఆక్స్‌ఫర్డులో 1936 నుండి ఆచార్య పదవి, 1949 నుండి సోవియట్ దేశంలో రాయబారిత్వం, 1954లో భారతరత్న, ఇవన్నీ ఒక్క వాక్యంలో వచ్చినా చాలు.

మైసూరు నుండి 1921లో కలకత్తా వెళుతున్నప్పుడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని గుర్రాలకు బదులు తామే లాగుతూ ఆయనను రైల్వే స్టేషనుకు తీసుకువెళ్లారు. ఉపాధ్యాయ దినోత్సవం కథ అందరికీ తెలుసు, 1962లో రాష్ట్రపతి అయినప్పుడు తన పుట్టినరోజును ఉపాధ్యాయులందరి రోజుగా జరపమన్నారని ఎలాగూ వేదిక మీద చెబుతారు. ఈ బండి సంగతి మాత్రం మీరు చెప్పండి.

క్యాషియర్ గారి జాగ్రత్తను నేను గౌరవిస్తాను, పెద్ద నాణెం ఇంటికి రావలసిందే. అయితే పది రూపాయల బిళ్ళను గాజు వెనుక పెట్టడం నాకు ఇష్టం లేదు. అది చేతుల్లో తిరగడానికి ముద్రించినది. పిల్లల చేతికి ఇవ్వండి, బొమ్మనూ బొరుసునూ తిప్పి చూసుకోనివ్వండి. దాని మీద నాగరి, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉంటాయి, తెలుగు ఉండదు. మన నోట్ల మీద భాషల పట్టీలో తెలుగు కనిపిస్తుంది, నాణెం మీద కనిపించదు. ఆ లోటును మీ పత్రం తీరుస్తుంది, అందుకే దానిని అచ్చు వేయించకుండా మంచి దస్తూరి ఉన్న పిల్లవాడి చేత తెలుగులో రాయించండి.

ప్రశ్న వేసినవారి నుండి

మాస్టారూ, మీరు రాసినది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. తమ్ముడు చిత్తు చించేసి, రాజమండ్రి వాక్యంతో మొదలుపెట్టి మళ్లీ రాశాడు. మా మేనత్త కూడా పెద్ద నాణేన్ని గొలుసులో వేసుకునే ఆలోచన మానుకుంది. అయితే తను తోమిన ఆ ఒక్క బిళ్ళ తన దగ్గరే ఉండాలని అడిగింది, ఇచ్చేశాను, ఇప్పుడది దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉంది.

23 బిళ్ళలను నాన్నగారు ఎందుకు దాచారో నిన్న రాత్రి తెలిసింది. ఉత్తరాల కట్టలో ఒక పాత విద్యార్థి రాసిన ఉత్తరం దొరికింది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు అరుగు మీదికి చదువుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ నాన్నగారు ఈ బిళ్ళ ఒకటి ఇచ్చి, దీనిని ఖర్చు పెట్టుకున్నా సరే, దాచుకున్నా సరే గాని, ఇందులో ఉన్నది ఎవరో నలుగురికి చెప్పిన తరువాతే ఏదైనా చేయమనేవారట. తాను అది ఇప్పటికీ ఖర్చు పెట్టలేదని, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నానని రాశాడు. బ్యాంకు నుండి తెచ్చిన సంచిలో పంచగా మిగిలినవే ఇవి.

కాబట్టి ఈ సెప్టెంబరు 5న వీటిని పాఠశాలలో పదో తరగతి పిల్లలకు నాన్నగారి పేరున ఇవ్వాలని నిర్ణయించాము. తరగతిలో 31 మంది ఉన్నారు. మేనత్తకు ఇచ్చినది పోగా మా దగ్గర 22 మిగిలాయి. ఇంకా తొమ్మిది కావాలి. పెట్టెలో పెద్ద నాణెంతో జతగా ఉన్నదానిని విడదీయవద్దని అమ్మ అంటోంది. ఇదే బొమ్మ ఉన్న పది రూపాయల బిళ్ళలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, పది రూపాయలకు పది రూపాయలే కాక తపాలా ఖర్చు కూడా పంపిస్తాను.

జవాబు: నాణేల సేకర్త, రాజమహేంద్రవరం

నా దగ్గర ఆరు ఉన్నాయి అమ్మా, వాడినవే గాని బొమ్మ స్పష్టంగా ఉంది. తపాలా ఖర్చు మాట ఎత్తవద్దు, వచ్చే ఆదివారం రావులపాలెం మీదుగా మా చెల్లెలి ఇంటికి వెళుతున్నాను, మీ ఊరికి వచ్చి ఇచ్చి వెళతాను, ఆ పెద్ద నాణేన్ని కూడా ఒకసారి కళ్లారా చూసినట్టవుతుంది.

జవాబు: విశ్రాంత క్యాషియర్, భీమవరం

మిగిలిన మూడూ నా మీద వదిలేయండి. నాకు తెలిసిన శాఖల్లో చిల్లర సంచులు ఇంకా విప్పనివి ఉన్నాయి, సోమవారం వెళ్లి కూర్చుని వెతుకుతాను.